మూడో వరసలో రెండు నీలాలు

సముద్రం మీద నా అంత గట్టి పొట్ట ఉన్నవాడు ఈ రేవు మొత్తంలో లేడు. పదేళ్ళుగా తెరచాప పడవల పందేల్లో పని చేస్తున్నాను. ఒక్కనాడూ కడుపులో తిప్పింది లేదు, ఒక్కనాడూ పడవ అంచు మీంచి తల వేలాడదీసింది లేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి. అడిగితే వాళ్ళు పళ్ళికిలించి, "వాడు జెట్టీ దాటితే కదా!" అంటారు. సరే, అదీ నిజమే. నేను ఫలితాలు రాసే గుమాస్తాని. జెట్టీ చివర నాకో కుర్చీ, ఒక అట్ట, రెండు పెన్సిళ్ళు. ఆ కుర్చీకి నాలుగు కాళ్ళూ గట్టి నేల మీదే ఉంటాయి.

కాబట్టి నా సంగతి వదిలేయండి. ఇది జెండాల మాస్టారి కథ, ఆయన చెల్లెలి కథ, ఆవిడ మొగుడి కథ.

శనివారం పొద్దున్న మాస్టారు జెండాలు ఇస్త్రీ చేస్తారు. చొక్కాకి ఇస్త్రీ లేకపోయినా ఫరవాలేదు, జెండాకి మడత కనిపిస్తే ఆయనకి ఆ రోజు అన్నం దిగదు. చేసినవి చేసినట్టు ఒక చెక్కపెట్టెలో సర్దుతారు. పెట్టెలో ఇరవై ఆరు అరలు, ఒక్కో అరలో ఒక్కో జెండా. ఆదివారం ఆ పెట్టె జెండాల పడవ ఎక్కుతుంది. పందెం నడిపేది ఆ పడవే. దాని స్తంభానికి జెండా ఎక్కుతుంది, పక్కనే హారన్ మోగుతుంది. అయిదు నిమిషాలుందనగా ఒక జెండా, ఒక హారన్. నాలుగు నిమిషాలప్పుడు ఇంకో జెండా, ఇంకో హారన్. ఎర్రచారల జెండాకి రెండు హారన్లు, పందెం వాయిదా అని. నీలం తెలుపు గడుల జెండాకి మూడు హారన్లు, పందెం రద్దు, అందరూ ఒడ్డుకి వచ్చేయండి అని.

ఇందులో ఒక మెలిక ఉంది. చెప్పేది జెండాయే. హారన్ ఉన్నది ఇటు చూడండ్రా అనడానికి మాత్రమే. హారన్ మోగకపోయినా జెండా ఎగిరితే మాట చెల్లుతుంది. జెండా ఎగరకుండా హారన్ ఎంత గొంతు చించుకున్నా ఎవరూ ఏమీ చెప్పనట్టే లెక్క. పందెం పుస్తకంలో అలానే ఉంది. మామూలు మనుషులు దాన్ని పెద్దగా పట్టించుకోరు. మూడుసార్లు మోగిందంటే ఇంటికెళ్ళి పడుకుంటారు.

మాస్టారి బావ, అంటే ఆ చెల్లెలి మొగుడు, మామూలు మనిషి కాదు. ఊరంతా అతన్ని రూల్సు అనేది. వీధిలో ఎదురెదురుగా ఇద్దరొస్తే ఎవరు ఎటు తప్పుకోవాలో చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో అక్క ఏదో మాట మీద అలిగితే, అభ్యంతరం ఏమిటో కాగితం మీద రాసి, టైం వేసి ఇమ్మన్నాడట. (మాస్టారి చెల్లెల్ని నేను అక్క అంటాను. ఆవిడ నన్ను ఒరేయ్ అంటుంది. ఎవరి హక్కు వాళ్ళది.)

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం, పందెం సగంలో ఉండగా పడమర నుంచి గాలివాన లేచింది. జెండాల పడవలో మాస్టారు, టైం చూసే మనిషి ఒకడు, ఇద్దరే ఉన్నారు. మూడు హారన్లు మోగాయి. ఇరవై మూడు పడవలు వెనక్కి తిరిగాయి. ఇరవై నాలుగో పడవ రూల్సుది. అతను తలెత్తి స్తంభం వైపు చూశాడు. అక్కడ గడుల జెండా లేదు. అతను తెరచాప తాడు ఇంకాస్త బిగించి, ముందు నీళ్ళ మీద తేలుతున్న నారింజ రంగు బోయా చుట్టి రావడానికి వానలోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అతనూ రాలేదు, పడవా రాలేదు.

కప్పీలో తాడు ఇరుక్కుంది, జెండా ఎక్కలేదు అని మాస్టారు అందరికీ చెప్పారు. పోలీసులకీ అదే చెప్పారు, చెల్లెలికీ అదే చెప్పారు.

మళ్ళీ ఆదివారం అయిదు నిమిషాల హారన్ మోగేసరికి రూల్సు అలల అడ్డుగోడ వెనక నుంచి వచ్చాడు. అదే పడవ, అదే తడిసిన చారల చొక్కా. అతని పందెం ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి అతను ఇంకా పందెంలోనే ఉన్నాడు. మిగతా పడవలు అతనికి దారిచ్చాయి. నేను ఆ వారం కాగితంలో అతని పేరుకి ఎదురుగా "ఇంకా పందెంలో" అని రాశాను. తరవాతి వారమూ రాశాను. తొమ్మిదేళ్ళు రాశాను. కొత్తగా చేరిన పడవలవాళ్ళు మాత్రం, "అతని చొక్కా ఎప్పుడూ తడిగానే ఉంటుంది, గాలి కూడా అతనికే బాగా దొరుకుతుంది, ఇదేం న్యాయం?" అని గొణుగుతారు. దారికి అడ్డొస్తే అతను "తప్పుకో!" అని అరుస్తాడు. అతని నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే.

అక్క ప్రతి ఆదివారం జెట్టీ మీద నిలబడుతుంది. మొదట్లో పిలిచేది. మంచినీళ్ళ సీసా విసిరేది. అది అతని పడవ పక్కనే పడి తేలుతూ పోయేది. పందెంలో ఉన్నవాడు బయటి సాయం తీసుకోకూడదు. నీళ్ళూ కూడదు, మాటా కూడదు. కాబట్టి పెళ్ళాం పిలిచినా పలకడు. చూపు మాత్రం ఒక క్షణం ఇటు తిప్పుతాడు. చూడకూడదని పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ ఒక్క క్షణం కోసం ఆవిడ వారమంతా పైగదిలో కూర్చుని తెరచాపలు కుడుతుంది.

కింద అన్నయ్య, పైన చెల్లెలు, మధ్యలో చెక్కమెట్లు. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే గోడకి చెబుతుంది. "ఎవరైనా ఉంటే కుళాయి కట్టేయొచ్చు" అంటుంది. ఆయనా అలవాటు పడిపోయి, "గోడకి తెలుసులే" అంటూ కట్టేస్తారు. నేను వెళ్ళినప్పుడు గోడకి కాస్త విశ్రాంతి. ఆ ఉద్యోగం నాకు పడుతుంది.

ఈ వానాకాలం మొదట్లో ఒక ఆదివారం అక్క జెట్టీ మీద చెయ్యి ఎత్తి ఊపింది. ఎప్పటిలాగే రెండుసార్లు, నెమ్మదిగా. అటుగా పోతున్నది రూల్సు పడవ కాదు. మా వీధి పాలవాడిది, అతనూ ఆదివారం పందేనికి వస్తాడు. అతను పాపం ఉబ్బితబ్బిబ్బయి రెండు చేతులూ ఊపాడు, చుక్కాని వదిలేసి బోయాని గుద్దుకున్నాడు కూడా. రూల్సు ఆ వెనకే వెళ్ళాడు. ఇటు తల తిప్పాడు. అప్పటికి ఆవిడ చెయ్యి దించేసింది.

"ఏరా, ఇవాళ నవ్వాడేమిటి?" అంది నాతో. మొహం వెలిగిపోతోంది.

నేను పెన్సిలు చెక్కుకున్నాను. అబద్ధం ఆడటం నాకు బాగా వచ్చు, కానీ ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు. "అక్కా, అది పాలవాడు" అన్నాను.

ఆవిడ ఒక్కో కన్నూ మూసి నీళ్ళ వైపు చూసింది. "నాకు మధ్యలోదే కనిపిస్తోందిరా," అంది చివరికి. "చుట్టూ ఎవరో నల్లగుడ్డ మడిచి కుట్టేసినట్టుంది."

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. కంట్లో ఒత్తిడి పెరిగిపోయిందన్నారాయన. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టొచ్చు, ఆపరేషన్ పెద్ద ఊళ్ళో చేస్తారు, రెండు కళ్ళకీ కలిపి నెలరోజులు అక్కడే ఉండాలి, ఆలస్యం చేస్తే రెండు నెలల్లో మొత్తం చీకటే.

"ఆదివారాలు వచ్చి పోవచ్చా?" అంది అక్క.

"లేదమ్మా, ప్రయాణం కూడదు."

"అయితే తరవాత చూద్దాం."

"కంటికి వారం తెలీదమ్మా," అన్నాడు డాక్టరు, కాస్త విసుగ్గానే.

తిరిగొచ్చేప్పుడు మాస్టారు వీధి మధ్యలో ఆగిపోయారు. చెల్లెలి వైపు కాకుండా నా వైపు తిరిగి, "చెప్పరా, కళ్ళు పోయాక ఆదివారం వెళ్ళి ఏం చూస్తుందట?" అన్నారు.

"వాళ్ళకి చెప్పు, నీళ్ళ చప్పుడు వింటానని," అంది ఆవిడ.

"వాడి పందెం నేను ముగించేస్తా. గడుల జెండా ఎగరేస్తా."

అక్క నడక ఆపింది. పక్కనున్న పాల దుకాణం గోడ మీద అరచెయ్యి ఆనించి, ఆ గోడనే అడిగింది. "ఎగరేస్తే ఒడ్డుకి ఏం వస్తుందో ఎవరైనా చెప్పగలరా? ఇప్పుడు తిరుగుతున్నాడు. తిరుగుతున్నంతసేపూ ఉన్నాడు. ఆ జెండా స్తంభం ఎక్కకూడదని ఎప్పుడో చెప్పాను."

అందుకే ఈ తొమ్మిదేళ్ళలో మా రేవులో ఒక్క పందెమూ రద్దు కాలేదు. మబ్బుతునక కనిపిస్తే చాలు, మాస్టారు మొదలెట్టకముందే ఎర్రచారల జెండా ఎక్కించి వాయిదా వేసేస్తారు. మా వాయిదాలు చూసి కోర్టువాళ్ళు కూడా ముక్కున వేలేసుకున్నారని ఊళ్ళో జోకు.

తరవాతి ఆదివారం ఆవిడ ఎవరికీ చెయ్యి ఊపలేదు. ప్రతి పడవకీ "ఇదా? ఇదా?" అని నన్ను అడిగింది. నేను "ఇదే" అనేసరికి అతను ఆ ఇరుకు చూపులోంచి దాటిపోయాడు.

సోమవారం పొద్దున్న నేను వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. అక్క మెట్లు దిగింది, ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నాతో అంది. "వాళ్ళని ఆ జెండా తియ్యమను. కళ్ళుండగా మొహం ఒకసారి దగ్గర నుంచి చూడాలి. వచ్చేది ఏదైనా సరే."

మాస్టారు కదల్లేదు. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, దాని వైరు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఆ జెండా లేదు. మొన్న ఎగరేస్తానని ఊరికే అన్నాను," అన్నారు.

"లేకపోవడమేమిటి?"

"తాడు ఇరుక్కోలేదే. అది అబద్ధం. ఆ రోజు పెట్టె తెరిస్తే ఆ అర ఖాళీగా ఉంది. నేనే ఇంట్లో మర్చిపోయి ఉంటాను. ఇల్లంతా వెతికాను. పరుపులు విప్పి వెతికాను. జెండాల మాస్టారు జెండా మర్చిపోయాడని చెప్పుకోడానికి నోరు రాక, తాడు మీద పెట్టేశాను."

కుళాయిలోంచి ఒక్కో చుక్కా పడుతోంది. ఎవరూ కట్టలేదు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

"తొమ్మిదేళ్ళు ఆ తాడుని తిట్టాను," అంది అక్క గోడతో. "పాపం తాడు." ఇంకాసేపటికి, "నీలం గుడ్డ, తెల్లగుడ్డ కావాలి. నేను కుడతాను," అంది.

"కనిపించదు కదే," అన్నారు మాస్టారు.

"వాళ్ళకి చెప్పరా. ముప్ఫయ్యేళ్ళుగా కుడుతున్నాను. వేళ్ళకి కనిపిస్తుంది."

పదహారు గడులు. నీలం, తెలుపు, నీలం, తెలుపు, కింది వరసలో తెలుపు, నీలం. పిల్లలు కూడా కుట్టేస్తారు. ఆవిడకి ఆరు రోజులు పట్టింది. కిటికీ దగ్గర మెడ వంచి, గుడ్డని కంటికి అంగుళం దూరంలో పట్టుకుని, ఆ మిగిలిన కాస్త చూపులోకి ఒక్కో గడిని తెచ్చుకుని కుట్టింది. సూదిలో దారం ఎక్కిస్తానంటే నన్ను కసిరింది. రోజూ ఏదో వంకన వెళ్ళాను. రోజూ నోరు తెరిచాను. తెరిచి, "టీ పెట్టనా అక్కా?" అన్నాను.

శనివారం మాస్టారు ఆ జెండా ఇస్త్రీ చేశారు. మూడో వరసకి వచ్చేసరికి ఇస్త్రీ పెట్టె ఆగింది. రెండు నీలాలు పక్కపక్కన పడ్డాయి. ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. పైన మిషను చప్పుడు లేదు. ఆవిడ నిద్రపోతోంది, ఆరు రోజుల తరవాత. జెండా మీద చిన్న మడత ఉంటేనే అన్నం దిగని మనిషి, ఆ రెండు నీలాల మీద ఇస్త్రీ పెట్టె మెల్లగా నడిపి, నాలుగు మడతలు వేసి, ఖాళీ అరలో పెట్టేశారు.

ఆదివారం సన్నగా చినుకులు. అక్కకి పడవ ఎక్కడం కష్టమని ఆ వారం జెండాల పడవని జెట్టీ చివరే కట్టారు. పడవలన్నీ ఒక్కొక్కటే పందెం ముగించి ఒడ్డుకి చేరాయి. ఎవరూ ఇళ్ళకి పోలేదు. పాలవాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నీళ్ళ మీద మిగిలింది రూల్సు ఒక్కడే.

మాస్టారు తాడు లాగారు. గడుల జెండా ఎక్కింది. హారన్ మూడుసార్లు మోగింది.

అతను తలెత్తాడు. పెదాలు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. ఒకటో వరస, రెండో వరస. తరవాత పడవని ఇటు తిప్పాడు. జెట్టీకి రెండు గజాల దూరంలో పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టి నిలిపాడు. తెరచాప పటపటా కొట్టుకుంటోంది.

"ఇదేం జెండా మాస్టారూ?" అన్నాడు. నీళ్ళ మీద ఉన్నంతసేపూ అతనికి బావ లేడు, మాస్టారే. "ఇది పుస్తకంలో లేదే."

మాస్టారు తాడు పట్టుకునే చెల్లెలి వైపు చూశారు. గొంతు వచ్చిన వైపుకి అక్క తల తిప్పింది. "నేను కుట్టింది," అంది.

అతను చుక్కాని మీద వేళ్ళు ఆడించాడు. పందెం నడిపేవాళ్ళని సందేహం అడగొచ్చు, పెళ్ళాంతో మాట్లాడొచ్చా అని ఆలోచిస్తున్నాడని నా అనుమానం. "మూడో వరసలో రెండు నీలాలు పక్కపక్కన పడ్డాయి," అన్నాడు ఎట్టకేలకు.

"నాకు కనబడలేదు."

"నీకా?"

"కళ్ళు పోతున్నాయి. ఆపరేషన్‌కి వెళ్ళాలంటే నాలుగు ఆదివారాలు ఇక్కడ ఉండకూడదట. నువ్విలా తిరుగుతూ ఉంటే ఎలా వెళ్ళను?"

చినుకులు అతని చొక్కా మీద పడుతున్నాయి. ఎప్పుడూ తడిసే ఉంది కాబట్టి ఏమీ తేడా తెలియలేదు.

"ఈ జెండాకి నేను ఆగక్కర్లేదు కదా మాస్టారూ?"

ఆయన అబద్ధం ఆడొచ్చు. ఒకసారి ఆడిన మనిషే. "అక్కర్లేదు," అన్నారు. "రూలు ప్రకారం అక్కర్లేదు."

రూల్సు తలూపాడు. తెరచాప వైపు చూశాడు, దూరంగా ఉన్న నారింజ బోయా వైపు చూశాడు. తరవాత తెరచాప తాడు విప్పేశాడు. గుడ్డంతా జర్రున జారి అతని కాళ్ళ మీద కుప్పపడింది.

"ఒరేయ్ గుమాస్తా, రాసుకో," అన్నాడు నాతో. "తనంతట తాను తప్పుకున్నాడు అని రాయి. అదీ రూల్సులో ఉంది. ఓడిపోయాడని రాశావంటే అభ్యంతరం పెడతాను." మాస్టారి వైపు తిరిగాడు. "బావా, కాస్త పక్కకి జరుగు. తాడు దానికి వేస్తాను."

తాడు అక్క భుజం మీద పడింది. ఆవిడ తడుముకుని పట్టుకుని లాగింది. పడవ జెట్టీకి ఆనింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. మొత్తం మొహం ఒకేసారి కనిపించే చూపు లేదు కదా, తల కొంచెం కొంచెం తిప్పుతూ ముక్కలు ముక్కలుగా చూసింది. ముందు నుదురు. తరవాత ఒక కన్ను, ఇంకో కన్ను. ముక్కు మీద పాత గాటు. పెదవులు. అతను కదలకుండా కూర్చున్నాడు, ఫొటో తీయించుకునేవాడిలా. అంత దగ్గరలో ఒక మనిషిని మరో మనిషి అంతసేపు చూడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గడ్డం కూడా చూడటం పూర్తయ్యేసరికి పడవలో ఎవరూ లేరు. తెరచాప పీలికలైపోయి ఉంది. అడుగు నిండా తొమ్మిదేళ్ళ గుల్లలు. తాడు మాత్రం అక్క చేతిలో అలానే ఉంది, తడిగా.

ఆవిడ ఆ తాడుని జెట్టీ గుంజకి చుట్టి, వేళ్ళతోనే ముడి వేసింది. చాలాసేపటికి లేచింది.

"అన్నయ్యా," అంది. "జెండా దించు. తడిసిపోతోంది."

మాస్టారు దించారు. దించుతుంటే ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పాలవాడు అటు తిరిగి నిలబడ్డాడు. నేను నా కాగితంలో అతని పేరుకి ఎదురుగా ఈసారి మాట మార్చి రాశాను. "తనంతట తాను తప్పుకున్నాడు."

మంగళవారం అన్నాచెల్లెళ్ళిద్దరూ బస్సెక్కారు. నాలుగు ఆదివారాలు అక్కడే ఉన్నారు. అక్కకి ఇప్పుడు చిన్న సాసరంత చూపు మిగిలింది, అది ఇక పోదన్నారు. ఆ సాసరులో పట్టేంతవరకు తెరచాపలు కుడుతుంది. ఆదివారాలు జెట్టీకి రాదు. కుళాయి కట్టేయమని అన్నయ్యకే చెబుతుంది, గోడకి ఇప్పుడు పని లేదు. ఆ రెండు నీలాల జెండా పెట్టెలోనే ఉంది. అదింకా మాస్టారి మతిమరుపుకి పడిన శిక్ష అని ఆ ఇంట్లో ఇద్దరూ నమ్ముతున్నారు.

ఇక నా పొట్ట సంగతి.

జెట్టీ దాటలేదన్నాను కదా. ఒక్కసారి దాటాను. తొమ్మిదేళ్ళ కిందట, జెండాల పడవలో టైం చూసే మనిషి ఒకడున్నాడన్నానే, వాడిని నేనే. టైం చూడటం నేర్చుకుంటానని గొప్పలు పోయి ఎక్కాను. పావుగంటకే కడుపులోది మొత్తం బయటికొచ్చింది. మాస్టారు అటు తిరిగి గడియారం చూసుకుంటున్నారు. ఆయన చూస్తే ఊరంతా నవ్వుతుందని, చేతికందిన అరలోంచి ఒక గుడ్డ లాగి మూతి తుడుచుకున్నాను, చొక్కా తుడుచుకున్నాను, చెక్కలు తుడిచాను. తుడిచాక చూస్తే నీలం తెలుపు గడులు. ఉండ చుట్టి చొక్కాలో దోపుకున్నాను. గాలివాన లేచి, మాస్టారు ఖాళీ అరలో చెయ్యి పెట్టి తడుముతుంటే, ఆ చెయ్యి నాకు మూరెడు దూరంలో ఉంది. తీసి ఇవ్వడానికి ఒక్క క్షణం చాలు. కంపు కొడుతోందని సిగ్గేసింది. మూడు హారన్లూ ఊదింది నేనే.

జెండా మా ఇంట్లో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ఒక మూల పసుపు మరక పోలేదు. శనివారం పొద్దున్న ఎదురింట్లో మాస్టారి ఇస్త్రీ పెట్టె వేడెక్కే వేళకి, నేనూ తలుపేసుకుని దాన్ని ఇస్త్రీ చేస్తుంటాను.